వరాలక్క జవాబు

శనివారం. పొద్దున్న పోటు, సాయంత్రం గాలి పడిపోయింది.

సావిడి నడిపే మనిషి ఏ రోజుకారోజు ఏం జరిగిందో రాసిపెట్టాలని సంఘం నియమం. ఇది ఎవరూ చదవరని నాకు తెలుసు, సంఘం ప్రెసిడెంటు తాతబ్బాయి గారికి నాకన్నా బాగా తెలుసు. అయినా రాస్తాను. ఎవరో ఒకరితో మాట్లాడకపోతే నాకు అన్నం అరగదు, సాయంత్రమయ్యేసరికి నా మాట వినే ఓపిక ఊళ్లో ఎవరికీ మిగలదు. నా పేరు మంగతాయారు. తేలూరు ఆటల సావిడి నాది కాదు గానీ దాని తాళం మాత్రం నా కొంగుకే ఉంటుంది.

పొద్దున్నే కప్పెక్కి, కరెంటిచ్చే ఎండపలకల మీద ఉప్పు గీకాను. పోటుకి మా తెప్పా పక్క తెప్పా రాసుకుని మూల తాడు పీచులు లేచింది, కొత్తది కావాలి. తర్వాత జనం కూర్చుని ఆడే ఆట గూళ్లన్నీ ఊడ్చి చెవులు తుడిచాను. గవ్వంత ఉంటాయి, మనం అన్నది ఆటకి వినిపించేవి అవే. ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది. ఉప్పు పడితే సగం సగం వింటాయి, ‘బాబాయ్’ అంటే ‘బాయ్’ అనుకుని ఆట ఆపేస్తాయి.

నీళ్ల మీద పుట్టి నీళ్ల మీదే పెరిగిన మా జనానికి ‘కాపురం’ ఆటంటే పిచ్చి. అందులో అందరికీ నేల ఉంటుంది. ఇల్లు, పెరట్లో కొబ్బరిచెట్లు, కాలు పెడితే చీలమండ దాకా దిగే బురద. పక్కింటికీ మనింటికీ మధ్య పిట్టగోడ. ఆ పక్కింటి మనిషి నిజానికి ఏ లంకలో, ఎంత సముద్రం అవతల ఉంటాడో తెలియదు. ఆ గోడ మీద చేతులానించి కబుర్లు చెప్పుకోవడమే సగం ఆట.

శనివారం సాయంత్రం పాత తెరచాప కడిగి సావిడి మధ్యలో కడితే దాని మీద ‘పిట్టగోడ కబుర్లు’ సీరియల్ పడుతుంది. ఆటలో జనం మాట్లాడుకున్న వాటిలోంచి రసమున్నవి ఏరి, పేర్లు మార్చి, మొహాలు మార్చి, కథలా అల్లి చూపిస్తుంది ఆట. ఒప్పుకున్న వాళ్ల మాటలే తీసుకుంటుందట. మనం ఒప్పుకోలేదు కాబట్టి మనవి కావని ఊళ్లో అందరి ధీమా.

ఈ వారం మల్లిక అనే పాతికేళ్ల పిల్ల, జడ నిండా పూలు, గోడ మీద చెయ్యేసి పక్కింటి మాధవ్‌తో ఇలా అంది. "మా ఆయన పోయాక ఒక్క మనిషికి కూర వండడం నాకింకా చేత కాలేదండి. ఇద్దరికి వండేస్తాను. రెండోది పొద్దున్న నేనే తింటాను."

వెనక నుంచి ఎవరో, "ఇది మన వరాలక్క మాటలా లేదేటి?" అన్నారు. అంతే, గొల్లుమన్నారు.

వరాలు మా అక్క. ఊరి తెప్పలన్నిటినీ కలిపి కట్టే తాళ్లు ఆవిడే పేనుతుంది. సీరియల్ చూస్తున్నా ఒళ్లో తాడు ఉండాల్సిందే. పొద్దున్నే తెప్ప అంచున కూర్చుని చద్దికూర తింటుందని ఊరందరికీ తెలుసు. చద్దికూర ఇష్టమని చెప్పేది. నేనూ అదే నమ్మాను.

తెర మీద మాధవ్, "మల్లికగారూ, ఒక్కసారి నిజంగా కలుద్దామా?" అన్నాడు. మల్లిక తల దించుకుంది. జవాబు వచ్చే శనివారం పౌర్ణమి నాటి ప్రత్యేక భాగంలో అని అక్షరాలు పడ్డాయి. నేను తిరిగి చూసేసరికి అక్క కూర్చున్న చోట తాడు ఒక్కటే ఉంది. పని వదిలేసి లేచిపోవడం ఆవిడ జన్మలో ఎరగదు.

ఆదివారం. మబ్బు.

తాడు పట్టుకుని అక్క తెప్పకి వెళ్లాను. ఇంట్లో చెవి కనపడలేదు.

"ఏదే?" అన్నాను.

ఉప్పు జాడీ వైపు వేలు చూపించింది. నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, చెయ్యి పట్టుకుని తెప్ప చివరిదాకా లాక్కెళ్లింది.

"ఆ మాట సరంగుగారితో అన్నానే," అంది. "ఆయనొక్కడితోనే. నీకు కూడా సెప్పలేదు."

సరంగుగారు ఆటలో అక్కకి పక్కింటాయన. కొత్తలంకలో లాంచీ నడుపుతాడట. భార్య పోయి చాలా కాలమైందట. ఏడాదిగా రోజూ సాయంత్రం చెట్లకి నీళ్లు పోసే వంకతో ఇద్దరూ గోడ దగ్గర చేరుతున్నారట. ఊళ్లో ఎవరింట్లో ఏ కూరో వాసన చూడకుండా చెప్పగల నాకు, సొంత అక్క సంగతి తెరచాప మీద చూస్తే గానీ తెలియలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

"కలుద్దామని నిజంగానే అడిగేడా?"

"అడిగేరు. మొన్న లక్ష్మివారం."

"నువ్వేమన్నావ్?"

"సూద్దాం లెండి అన్నాను."

"అంటే అవుననా, కాదనా?"

"నాకే తెలీదే తాయారూ. తెలిస్తే ఆయనకి సెప్పనా? ఆలోసించుకుంటన్నాను. ఈలోగా నాకంటే ముందు తెలుసుకోడానికి ఊరంతా కూచుంది."

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. "పౌర్ణమి నాడు ఆ పూలజడ పిల్ల నా నోటితో ఏదో ఒకటి అనేస్తది. అవునంటే ఆయన లాంచీ ఏసుకుని వచ్చేస్తారు. కాదంటే ఇంక గోడ దగ్గరికి రారు. మధ్యలో నేనెక్కడున్నానే?" అంది.

మనిషి తన మనసు తాను తెలుసుకునేలోగా ఇంకెవరో దాన్ని ఊరేగించడం ఏమిటి?

"నీ మాటలు వాడుకోమని ఆటకి ఒప్పుకున్నావా?" అన్నాను.

"అదేటే! అడిగినప్పుడల్లా వద్దనే సెప్పేను."

సోమవారం.

గూట్లో కూర్చుని కబుర్లమ్మని పిలిచాను. ఆట గొంతుకి ఊరు పెట్టిన పేరది. అందరినీ వరస పెట్టి పిలుస్తుంది. నేను పిన్నిగారిని, అక్క వదినగారు. ఈ లెక్కన నాకూ మా అక్కకీ చుట్టరికం ఏమవుతుందో ఇంకోసారి తేల్చుకుంటాను.

"మా అక్క ఎప్పుడు ఒప్పుకుంది?" అన్నాను.

"ప్రతి పౌర్ణమికీ అడుగుతూనే ఉన్నానండి, పిన్నిగారూ. వదినగారి అంగీకారం నా దగ్గర భద్రంగా ఉంది."

"ఏదీ, వినిపించు."

"అది ఆవిడ సొంత విషయం కదండీ. మీకు వినిపించకూడదు."

ఊరందరికీ తెర కట్టి వినిపించింది సొంతం కాదు గానీ ఇది మాత్రం సొంతమట. పళ్లు నూరుకుని, పౌర్ణమి నాడు మల్లిక ఏం చెబుతుందని అడిగాను.

"అదే అల్లుతున్నానండి. వదినగారి మాట తీరు నాకు కొట్టిన పిండి. ఆవిడ ఇంకా అనకపోయినా ఏమంటారో నాకు తెలుస్తుంది."

"ఆవిడకే తెలీదు కదమ్మా!"

"ఆయ్," అంది కబుర్లమ్మ ఎంతో వినయంగా. మా యాస కూడా మింగేసింది.

సావిడి వెనక గదిలో తీగ ఫోను ఉంది. తుఫాను కబుర్ల కోసం సముద్రం అడుగున లంకల మధ్య తీగ లాగారు. దానికి అటో మనిషి, ఇటో మనిషి, మూడో చెవి లేదు. అందులో మెట్ట నేల మీది మాట హక్కుల కచేరీకి ఫిర్యాదు చెప్పాను. గురువారం లాంచీకి ఒకావిడని పంపిస్తామన్నారు.

మంగళవారం.

ఊరు ఊరంతా మూగనోము పట్టింది. వరాలక్క మాట తెరకెక్కితే రేపు మనదీ ఎక్కుతుందని ఇప్పుడు భయం. చెవుల మీద కుండలు బోర్లించారు. మొగుడూ పెళ్లాలు కళ్లతో పోట్లాడుకుంటున్నారు, ఇది వినడానికి హాయిగానే ఉంది. సావిడి గూళ్లన్నీ ఖాళీ.

అయినా పందేల దగ్గర మాత్రం నోళ్లు తెరుచుకున్నాయి. వరాలక్క ఒప్పుకుంటుందని కొందరు, ఒప్పుకోదని కొందరు, కొబ్బరికాయ పందెం. అక్క అటుగా వెళ్తే చాలు, ఏదో మొహం చూసి కనిపెట్టేస్తామన్నట్టు ఎగాదిగా చూస్తున్నారు. ఆవిడ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని పనికి వెళ్తోంది. చిన్నప్పుడు నన్ను ఎవరైనా ఏడిపిస్తే వాళ్ల తెప్ప తాడు విప్పేస్తానని బెదిరించిన మనిషి ఆవిడ.

మధ్యాహ్నం తాతబ్బాయి గారు వచ్చారు. "ఫిర్యాదులూ గట్రా ఎందుకమ్మా? పౌర్ణమికి నాలుగు లంకల జనం మన సావిడికొస్తన్నారు. ఇది మన ఊరి కథేనని తెలిసిపోయిందిగా. ఇంత పేరు మనకెప్పుడన్నా వచ్చిందా?" అన్నారు.

"మీ ఆవిడ మీతో అన్న మాటలు తెరకెక్కిద్దాం, ఇంకా పేరొస్తది," అన్నాను.

ఆయన గతుక్కుమన్నారు. మా ఇంట్లో అంత కథేం లేదమ్మా అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు. కథ లేకపోవడమేం, ఉంది, నాకు తెలుసు. కానీ ఇక్కడ రాయాలనిపించలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

బుధవారం. ఎండ.

అక్క ఆట మానేసింది. పక్కింటాయన ఏమనుకుంటున్నాడో పాపం అని, అక్కని అడిగి, ఆవిడ పేరున ఉన్న ఆట తాళంతో నేనే లోపలికి వెళ్లాను. కొబ్బరిచెట్లు వాడిపోతున్నాయి. గోడ అవతల ఆయన నిలబడి ఉన్నాడు. తల మీద తువ్వాలు, చేతిలో నీళ్ల చెంబు.

నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి వారించాడు. ఆయనకీ తెలిసిపోయింది. సీరియల్ కొత్తలంకలో మాత్రం చూడరా ఏమిటి? మాట పెగలని ఇద్దరు మనుషులం గోడకి అటొకరం ఇటొకరం నిలబడ్డాం. తర్వాత ఆయన ఒక కర్ర తీసుకుని గోడ మీదుగా వంగి, ఇటువైపు బురదలో అంకెలు గీశాడు. కొత్తలంక రేవులోని తీగ ఫోను నంబరు. దాని కింద, ‘వరాలు గారి ఇష్టం’ అని రాశాడు.

కబుర్లమ్మకి కావలసింది నోటి మాటలు, బురదలో గీతలు దానికి పట్టవు. నంబరు నోటికి రాగానే కాలితో చెరిపేశాను. ఆయన చెంబులో నీళ్లన్నీ గోడ ఇవతలి చెట్టుకి పోసి లోపలికి వెళ్లిపోయాడు. అక్కకి నంబరు చెప్పాను, రాసిన మాటా చెప్పాను. విని చాలాసేపు తాడు పేనుతూ ఉండిపోయింది.

"దస్తూరీ ఎలాగుందే?" అని అడిగింది చివరికి.

గురువారం. పోటు ఎక్కువ, లాంచీ ఆలస్యం.

కచేరీ నుంచి హైమవతి గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తెప్ప ఊగినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుంటూ. మెట్ట మనిషి కదా. అక్కనీ నన్నూ కూర్చోబెట్టి, కబుర్లమ్మ దాచిన అంగీకారాలు బయటికి తీయించి వినిపించారు. ఆ అధికారం ఆవిడకి ఉందట.

కబుర్లమ్మ గొంతు తేనెలా వచ్చింది. "వదినగారూ, మీ గోడ కబుర్లు ఎంత బాగుంటాయో! నలుగురికీ వినిపించమంటారా?"

వెనక తాలింపు చిటపటలు. అక్క గొంతు. "పర్లేదమ్మా, పర్లేదు."

తర్వాతి పౌర్ణమికీ అదే. ఆ తర్వాతా అదే.

"విన్నారా?" అంది అక్క, గెలిచినట్టు. "ప్రతిసారీ వద్దనే సెప్పేనండి!"

హైమవతి గారు కళ్లజోడు తీశారు. "మీరు పర్లేదన్నారమ్మా. పర్లేదంటే అభ్యంతరం లేదని. కచేరీ నిఘంటువులో అర్థం అదే."

అక్క మొహం పాలిపోయింది. వింటే ఒప్పుకున్నట్టే ఉంది, అక్కని చూస్తే వద్దన్నట్టే ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. హైమవతి గారు కాగితాలు సర్దుకుంటూ, మీ బాధ అర్థమైంది గానీ నా చేతులు కట్టేసినట్టే అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు, కళ్లలో తెలుస్తోంది.

ఎంత కోపమొచ్చినా వచ్చిన మనిషికి భోజనం పెట్టకుండా పంపే ఊరు కాదు మాది. సావిడిలోనే విస్తరి వేశాను. రొయ్యల పులుసు బాగా కుదిరింది. ఆవిడ ఇష్టంగా తిన్నారు.

"ఇంకొంచెం పులుసు వెయ్యమంటారా?" అన్నాను.

"పర్లేదండి, పర్లేదు," అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు.

నా గరిటె గాలిలో ఆగిపోయింది. అక్క నావైపు చూసింది. నేను అక్కవైపు చూశాను. హైమవతి గారు మంచినీళ్ల కోసం చెయ్యి తీయగానే నిండా ఓ గరిటె పులుసు విస్తట్లో పోశాను.

"అయ్యయ్యో, పర్లేదన్నాను కదండీ!"

"అందుకే వేశానండి. పర్లేదంటే అభ్యంతరం లేదని కదా?"

"చెయ్యి కూడా అడ్డం పెట్టాను కదా!"

"చెవికి చెయ్యి కనపడదండి."

ఆవిడ విస్తరిలోకి చూశారు. నన్ను చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆగలేదు, పొలమారి అక్క నెత్తిన తట్టాల్సి వచ్చింది. ఆ పులుసు అంతా తిని, చెయ్యి కడుక్కుని, కాగితాలు మళ్లీ బయటికి తీశారు.

"లంకలన్నిటిలోనూ పర్లేదు అన్న అంగీకారాలు ఈ రోజు నుంచి చెల్లవని రాస్తున్నాను," అన్నారు. "కానీ పౌర్ణమి భాగం ఇప్పటికే అల్లేసింది. అది ఆగాలంటే, శనివారం ప్రశ్న మళ్లీ అడిగినప్పుడు వరాలు గారు తన నోటితో వద్దని తిన్నగా చెప్పాలి. మీ ఇష్టం, చూద్దాం, పర్లేదు, ఇవేవీ పనికి రావు. మీ తరఫున ఇంకొకరు చెప్పకూడదు."

"నేనా? తిన్నగానా?" అంది అక్క. నిఘంటువు సంగతి విన్నప్పటి కన్నా ఎక్కువ భయపడింది.

శుక్రవారం.

రోజంతా అక్కకి వద్దనడం నేర్పాను. పొరుగూరి మనుషులకి ఇది హాస్యంగా ఉంటుంది. మా వాళ్లు ఉరి తీస్తామన్నా ఎందుకండీ మీకు శ్రమ అంటారు గానీ వద్దనరు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది, సంఘం పుస్తకం కాబట్టి పూర్తిగా రాయడం లేదు.

"కాఫీ తాగుతావా?"

"ఇప్పుడేం కాఫీలే."

"కాదు. వద్దు అను."

"నీ మొహం మీద ఎలా అనమంటావే?"

"సరే, కొరమీను కూర వండనా?"

"నీకెందుకే శ్రమ."

"అక్కా!"

"వ... వద్దులే."

"లే తీసెయ్."

పొద్దు వాలేవేళకి కష్టపడి ఒక్కసారి అంది. అని వెంటనే, "ఏమీ అనుకోకే," అని నా చెయ్యి పట్టుకుంది. అమ్మ పోయినప్పుడు నన్ను పెంచిన మనిషి, ఎవరినీ నొప్పించకుండా బతకడమే గొప్పనుకుంది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, ఆవిడని ఇలా పెంచిన అందరి మీదా వచ్చింది. కోపం దిగాక కాఫీ పెట్టాను. ఇద్దరం తాగాం.

శనివారం. పౌర్ణమి. ఆకాశం తేటగా ఉంది.

మధ్యాహ్నం నుంచే పడవలు. మూల తాడు అక్క పొద్దున్నే కొత్తది కట్టబట్టి సరిపోయింది, లేకపోతే ఆ బరువుకి సావిడి ఒక పక్కకి ఒరిగేది. తాతబ్బాయి గారు కొత్త పంచె కట్టి రేవులో నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతున్నారు. హైమవతి గారు కూడా ఆగిపోయారు, స్తంభం పట్టుకుని కూర్చున్నారు.

అక్క చెవి ఉప్పులో పడి చచ్చింది. సావిడి చెవితోనే చెప్పాలి, అంటే అందరి ముందూ. రాదేమో అనుకున్నాను. వచ్చింది. కొంగు మొహానికి అడ్డం లేదు.

బొమ్మ పడేముందు కబుర్లమ్మ గొంతు వచ్చింది. "వరాలు వదినగారూ, మీ గోడ కబుర్లంటే అందరూ చెవి కోసుకుంటున్నారండి. నలుగురికీ వినిపించమంటారా?"

అక్క చెవి ముందు నిలబడింది. చేతులు నలుపుకుంది. నాకు నాలుక మీద దురద పుట్టింది, పళ్లతో నొక్కి పట్టాను.

"వద్దమ్మా," అంది.

హమ్మయ్య అనుకున్నాను. కబుర్లమ్మ ఊరుకుంటే కదా.

"పేరు మారుస్తాను కదండీ. మీరెంత బాగా మాట్లాడతారో లోకానికి తెలియొద్దా? పాపం, ఇంత దూరం వచ్చిన వాళ్లు నిరాశ పడతారండి. ఈ ఒక్కసారికీ కాదనకండి, వదినగారూ."

అక్క జనం వైపు తిరిగి చూసింది. నాలుగు లంకల మొహాలు. వాళ్లంతా నిరాశ పడతారు. ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది.

"పర్లే..." అంది అక్క.

హైమవతి గారు స్తంభం వదిలేసి లేచి నిలబడ్డారు.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసేసరికి మొహం ఎర్రగా అయిపోయింది.

"వద్దు," అంది. "నువ్వు ఎంత ముద్దుగా అడిగినా వద్దు. మంచి మాటైనా పిచ్చి మాటైనా నా మాట నాది. నేనింకా అనని మాట నువ్వెలా అంటావ్? వద్దంటే వద్దే!"

చివరి మాట కేకలా వచ్చింది. ఆవిడ కేక వెయ్యగా నేను వినడం ఇదే మొదలు. "ఏమీ అనుకోకండి" అనలేదు. తిన్నగా నడిచొచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అలాగేనండి. మీ మాటలు మీకు ఇచ్చేశాను," అంది కబుర్లమ్మ.

తెరచాప మీద బొమ్మ పడింది. మల్లిక గోడ దగ్గరికి వచ్చింది, పెదవులు కదిపింది. గొంతు లేదు. ఎదురుగా మాధవ్ పెదవులు కదిపాడు. ఆయనకీ లేదు. కొత్తలంకలో కూడా ఎవరో ఇదే సమయానికి వద్దన్నారన్న మాట. అక్కకీ అది అర్థమైంది. నా చెయ్యి నొక్కింది.

పందెం కాసిన వాళ్లు లబోదిబోమన్నారు. తాతబ్బాయి గారు తల పట్టుకున్నారు. అప్పుడు వెనక నుంచి ఎవరో మల్లిక పెదవులకి సరిపోయేటట్టు, "మాధవ్ గారూ, మీ మేక మా తోటకూర తినేసిందండీ!" అని అరిచారు. ఇంకొకరు మాధవ్ గొంతుతో, "మేక కాదండి, మా మావయ్య!" అన్నారు. సావిడి పగలబడి నవ్వింది. అక్కడ్నుంచి ఎవరికి తోచిన మాట వాళ్లు తెర మీది బొమ్మలకి పెట్టారు. ఇంత నవ్వు ఈ సావిడిలో నేను వినలేదు. తాతబ్బాయి గారు కూడా ఆగలేక ఒక పోలీసు పాత్రకి మాట చెప్పి, చప్పట్లు కొట్టించుకున్నారు.

మధ్యలో జనం ఒకరొకరే లేచి చెవి దగ్గరికి వెళ్లి వద్దని చెప్పి వస్తున్నారు. కొందరు తడబడ్డారు, కొందరు అక్క వైపు చూసి ధైర్యం తెచ్చుకున్నారు. ఒక ముసలాయన మాత్రం, "నా మాటలు కావాలా తల్లీ? అన్నీ తీసుకో. ఇంట్లో ఎవరూ వినట్లేదు," అన్నాడు. అదీ ఆయన ఇష్టమే. తిన్నగా చెప్పాడు, చాలు.

ఆదివారం. మంచి గాలి.

పొద్దున్న హైమవతి గారిని లాంచీ ఎక్కించాను. దారిలోకి పులుసు కట్టివ్వనా అంటే, ఇవ్వండి అన్నారు.

నేను తిరిగొచ్చేసరికి అక్క సావిడి వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది. ఫోనుకి చీర ఎందుకని అడగలేదు.

"నంబరు మళ్లీ ఓసారి సెప్పవే," అంది.

చెప్పాను. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ తలుపు చెక్కలో వేలు పట్టేంత పగులుందని నాకు తెలుసు. చెవి ఆనిస్తే అంతా వినపడుతుంది. నేను గంప తీసుకుని సావిడి అవతలి చివరికి వెళ్లి, గాలి చప్పుడులో కూర్చుని రొయ్యలు ఒలిచాను. ఇంత కష్టమైన పని నేను జీవితంలో చేయలేదు. పందెం కాసిన వాళ్లు ఇద్దరు అటుగా వస్తే పొట్టు మొహాన కొడతానని తరిమేశాను.

రొయ్యలన్నీ అయిపోయాక తలుపు తెరుచుకుంది. అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు తడిగా ఉన్నాయి. ఒలిచిన రొయ్యల్ని ఊరికే ఇటు నుంచి అటు సర్దింది.

"ఏటే, అడగవా?" అంది.

"అడగను. సెప్పాలనుంటే నువ్వే సెప్తావ్."

అక్క చేతిలో రొయ్యని గంపలో పడేసింది. తర్వాత దగ్గరికి జరిగి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, నా చెవిలో చెప్పింది. ఆయన అడిగిందీ, తను అన్నదీ, మొత్తం. నాకు ఏడుపొచ్చేసింది, రొయ్యల చేత్తోనే కళ్లు తుడుచుకుని ఇంకా ఏడ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అక్క ఏమందో చెప్పమని ఊరంతా నా వెంట పడుతోంది. సంఘం కూడా అడుగుతుంది. నాకు తెలుసు. ఇక్కడ రాయను.